క్రిమినల్ జస్టిస్ రెండేళ్ళ డిగ్రీ: అప్పెంత, జీతమెంత

ముందే చెప్పేస్తున్నా. అమెరికాలో క్రిమినల్ జస్టిస్, అంటే పోలీసు, కోర్టు, జైలు వ్యవస్థల గురించిన చదువులో రెండేళ్ళ అసోసియేట్ డిగ్రీకి ఎనిమిది వేల డాలర్లు ఖర్చు పెట్టడం ఒక సంగతి, ముప్పై వేలు అప్పు చేయడం పూర్తిగా వేరే సంగతి. డిగ్రీ పేరు అదే, సబ్జెక్టులు దాదాపు అవే, చివర్లో దొరికే ఉద్యోగమూ చాలాసార్లు అదే. "ఈ డిగ్రీ మంచిదేనా" అని అడిగేవాళ్ళు ఎక్కువ, "ఎంతకి" అని అడిగేవాళ్ళు తక్కువ. ఈ ప్రత్యేకమైన డిగ్రీ విషయంలో మొదట అడగాల్సింది ఆ రెండోదే.

ఇదంతా ఎందుకు తవ్వానంటే, మా అక్క కొడుకు పోలీసు అవుతానన్నాడు. ఇక్కడే డాలస్ పక్కన పుట్టి పెరిగినవాడు, హైస్కూల్ చివరి ఏడాది. మన ఇళ్ళల్లో పిల్లాడు కంప్యూటర్ సైన్స్ కాకుండా బయాలజీ అంటేనే ఒక వారం చర్చ జరుగుతుంది, పోలీసంటే ఇంక చెప్పాలా. బావగారు రెండు రోజులు మాట్లాడలేదు, మూడో రోజు "పోనీ ఎఫ్‌బీఐ అయినా ట్రై చేయమను" అన్నారు. గుంటూరు నుంచి మా మేనత్త ఫోన్ చేసి "అక్కడ కానిస్టేబుల్‌కి కూడా కాలేజీ చదువు కావాలా ఏంటే, మనకి ఇంటర్ చాలు కదా" అని అడిగింది. ఇంట్లో అందరి మాటల్లోకీ అర్థవంతమైన ప్రశ్న ఆవిడదే అనిపించింది నాకు. నేను స్కూల్ డిస్ట్రిక్ట్‌లో పేరోల్ చూస్తాను, అంకెలంటే భయం లేదు, అందుకని లెక్క నామీద పడింది.

మేనత్త ప్రశ్నకి జవాబు: చాలా చోట్ల అక్కర్లేదు. ఈ డిగ్రీ చదివే పిల్లలు ఏ ఉద్యోగాలు ఊహించుకుంటారో వాటిని వరసగా పెట్టి ఒక్కోదానికీ ఏం చదువు అడుగుతారో చూస్తే బొమ్మ బాగా తేటపడుతుంది. జైలులో పనిచేసే కరెక్షనల్ ఆఫీసర్‌కి హైస్కూల్ డిప్లొమా చాలు. అత్యవసర సాయం కోసం వచ్చే 911 కాల్స్ తీసుకునే డిస్పాచర్‌కి అదే. సెక్యూరిటీ గార్డుకి అదే. పోలీసు శాఖల్లో కొన్నయితే కొంత కాలేజీ చదువు అడుగుతాయి, దాన్ని గంటల్లో, అంటే క్రెడిట్లలో లెక్కపెడతారు, చాలావి హైస్కూల్‌తో సరిపెట్టుకుని మిగతాది తమ అకాడమీలోనే నేర్పుతాయి, పైగా అకాడమీలో ఉన్నన్నాళ్ళూ జీతం కూడా ఇస్తాయి. ఇక అటువైపు చూస్తే, జైలుకి పంపకుండా షరతుల మీద వదిలినవాళ్ళని కనిపెట్టుకునే ప్రొబేషన్ ఆఫీసర్‌కి మామూలుగా నాలుగేళ్ళ బ్యాచిలర్స్ కావాలి. బావగారి ఎఫ్‌బీఐ ఏజెంట్‌కి బ్యాచిలర్స్ కావాలి, వయసు 23 నిండాలి, దాని మీద పని అనుభవం కూడా ఉండాలి. అంటే ఈ రెండేళ్ళ డిగ్రీ సరిగ్గా మధ్యలో ఇరుక్కుంది. కింది ఉద్యోగాలకి అది అవసరం లేదు, పై ఉద్యోగాలకి అది సరిపోదు. ఫెడరల్ ప్రభుత్వంలో జీఎస్-4 అనే కింది గ్రేడుకి రెండేళ్ళ కాలేజీ చదువుని అర్హతగా తీసుకుంటారు కానీ, ఆ గ్రేడు జీతం చూశాక దానికోసం ఎవరూ అప్పు చేయరు.

టెక్సస్‌లో మాత్రం ఒక మెలిక ఉంది, అది మావాడికి బాగా పనికొచ్చేది. ఇక్కడ పీస్ ఆఫీసర్, అంటే పోలీసు, లైసెన్స్ ఇచ్చేది టీకోల్ అనే రాష్ట్ర కమిషన్. వాళ్ళ నిబంధన ప్రకారం కనీస వయసు 21. కానీ అసోసియేట్ డిగ్రీ ఉన్నా, డిగ్రీ లేకపోయినా గుర్తింపు ఉన్న కాలేజీలో 60 సెమిస్టర్ గంటలు పూర్తి చేసినా, లేదంటే మిలిటరీలో రెండేళ్ళు చేసి గౌరవంగా బయటికొచ్చినా, 18కే లైసెన్స్‌కి అర్హత వస్తుంది. ఒక్కో నగరం తన సొంత వయసు పరిమితి పెట్టుకోవచ్చు, చాలావి పెట్టుకుంటాయి కూడా, అది వేరే. కానీ ఇక్కడ గమనించాల్సింది ఏంటంటే ఆ 60 గంటలు ఏ సబ్జెక్టులో అని ఎక్కడా లేదు. క్రిమినల్ జస్టిసే అయ్యుండాలని ఎవరూ అడగట్లేదు. అకౌంటింగ్ చదివినా 60 గంటలు 60 గంటలే, స్పానిష్ చదివినా అంతే. మాకు తెలిసిన ఒక ఆఫీసర్ ఉన్నాడు, మా వీధి చివర ఇల్లు, అతను మావాడితో అన్నది కూడా ఇదే: "చట్టం మేం అకాడమీలో నేర్పుతాం, నువ్వు మాకు రానిది ఏదైనా నేర్చుకుని రా."

న్యూయార్క్ సంగతి ఇంకా విచిత్రం. అక్కడి నగర పోలీసు శాఖ ఎన్‌వైపీడీకి ఏళ్ళ తరబడి 60 కాలేజీ క్రెడిట్లు ఉండాల్సిందే. అంటే ఒక అసోసియేట్ డిగ్రీకి సరిపడా అన్నమాట. 2025 ఫిబ్రవరిలో దాన్ని 24కి దించేశారు. మనుషులు దొరకట్లేదు, రాజీనామాలు ఎక్కువ, కొత్తగా చేరేవాళ్ళు తక్కువ, ఇంక పట్టుదలకి పోయి ఏం లాభం. ఇలా నిబంధనలు సడలించింది వాళ్ళొక్కళ్ళే కాదు. రెండేళ్ళు చదివి బయటికొచ్చేసరికి ఆ చదువు అడిగేవాళ్ళే తగ్గిపోతే ఆ డిగ్రీ ధర ఎంత ఉండాలో మీరే ఆలోచించండి.

ఇప్పుడు జీతాలు. అమెరికా లేబర్ స్టాటిస్టిక్స్ బ్యూరో 2024 మే లెక్కల్లో మీడియన్ జీతాలు, అంటే సగం మందికి అంతకన్నా ఎక్కువ, సగం మందికి తక్కువ వచ్చేది, ఏడాదికి ఇలా ఉన్నాయి: పెట్రోలింగ్ చేసే పోలీసులకి సుమారు 76 వేల డాలర్లు, ప్రొబేషన్ ఆఫీసర్లకి 64 వేల పైచిలుకు, జైలు ఆఫీసర్లకి దాదాపు 58 వేలు, 911 డిస్పాచర్లకి 50 వేల చిల్లర, సెక్యూరిటీ గార్డులకి 38 వేల చిల్లర. ఇవి కొత్తగా చేరినవాళ్ళ జీతాలు కాదు, ఇరవై ఏళ్ళ సర్వీసు ఉన్నవాళ్ళని కూడా కలిపి తీసినవి, ఇరవై ఏళ్ళ పిల్లాడు చేరే రోజున ఇంతకన్నా తక్కువే చూస్తాడు. మొదటి అంకెకీ చివరి అంకెకీ రెట్టింపు తేడా ఉంది. డిగ్రీ ఇద్దరిదీ ఒకటే అయ్యుండొచ్చు. ఆ తేడా తెచ్చేది డిగ్రీ కాదు, ఏ శాఖ ఎంచుకుంది, ఫిజికల్ టెస్టు, పాలిగ్రాఫ్ అనే అబద్ధాల పరీక్ష, బ్యాక్‌గ్రౌండ్ చెక్ అన్నీ దాటాడా లేదా అన్నదే.

"అసోసియేట్ డిగ్రీ ఉన్నవాళ్ళు హైస్కూల్ వాళ్ళకన్నా ఎక్కువ సంపాదిస్తారు" అని ప్రతి కాలేజీ బ్రోషర్‌లోనూ ఉంటుంది. నిజమే, అదే బ్యూరో 2024 లెక్కల్లో హైస్కూల్ డిప్లొమాతో ఆగినవాళ్ళ వారపు మీడియన్ జీతం 930 డాలర్లు, అసోసియేట్ డిగ్రీ వాళ్ళది 1,099. ఏడాదికి దాదాపు 8,800 తేడా. రెండేళ్ళ చదువుకి బాగానే ఉన్నట్టుంది కదా? కానీ ఆ 1,099లో రెండేళ్ళ డిగ్రీతో నర్సులైనవాళ్ళున్నారు, డెంటల్ హైజీనిస్టులున్నారు, ఎక్స్‌రే, అల్ట్రాసౌండ్ టెక్నీషియన్లున్నారు. ఆ డిగ్రీలు లేకుండా ఆ ఉద్యోగంలో కాలు పెట్టనివ్వరు. క్రిమినల్ జస్టిస్‌కి అలాంటి తాళం లేదు. నర్సుల జీతంతో కలిసి వచ్చిన అంకెని చూపించి పోలీసు ఆశావహుడికి డిగ్రీ అమ్మడం, పక్కింటాయన బోనస్ చూసి మనం కారు కొన్నట్టు ఉంటుంది.

మరి అసలైన అంకె ఎక్కడ దొరుకుతుందంటే కాలేజ్ స్కోర్‌కార్డ్ అని విద్యాశాఖ వాళ్ళ సైటు ఉంది, ఉచితం. కాలేజీ పేరు కొట్టి, ఫీల్డ్స్ ఆఫ్ స్టడీలో క్రిమినల్ జస్టిస్ అండ్ కరెక్షన్స్ వెతికితే ఆ కాలేజీలో ఆ డిగ్రీ చేసినవాళ్ళ మీడియన్ సంపాదన, మీడియన్ అప్పు పక్కపక్కనే కనబడతాయి. నేను మా అక్కావాళ్ళ డైనింగ్ టేబుల్ మీద లాప్‌టాప్ పెట్టి అందరికీ చూపించింది ఇదే. ఒకే డిగ్రీకి ఒక కాలేజీలో అప్పు కొంచెం, ఇంకో కాలేజీలో దానికి రెండు మూడింతలు, సంపాదన మాత్రం పెద్ద తేడా లేదు, అది చూసేసరికి బావగారు కళ్ళజోడు తెచ్చుకున్నారు.

అయితే ఆ సైటుని గుడ్డిగా నమ్మేయకూడదు, కొన్ని చిక్కులున్నాయి. సంపాదన అంకెల్లో ఫెడరల్ సాయం తీసుకున్న విద్యార్థులే ఉంటారు, సొంత డబ్బుతో చదివినవాళ్ళు లెక్కలోకి రారు. అప్పు అంకెలో డిగ్రీ పూర్తి చేసి, అప్పు తీసుకున్నవాళ్ళే ఉంటారు, మధ్యలో మానేసినవాళ్ళు లేరు. ప్రైవేటు బ్యాంకు అప్పు అసలు ఉండదు. తల్లిదండ్రులు తీసుకునే పేరెంట్ ప్లస్ లోను ఆ అంకెలో కలవదు, దాన్ని విడిగా చూడాలి. చిన్న ప్రోగ్రాం అయితే విద్యార్థులు కొద్దిమందే కాబట్టి గోప్యత కోసం అంకెలే చూపించరు. ఇవన్నీ దాటాక కూడా మిగిలే ఇంకో మాట: ఆ సంపాదన అంకెలో ఇప్పటికే ఉద్యోగంలో ఉండి ప్రమోషన్ కోసం డిగ్రీ చేసిన పోలీసులు కూడా కలిసి ఉండొచ్చు. వాళ్ళ జీతం డిగ్రీ వల్ల వచ్చింది కాదు కదా.

సరే, అప్పు వైపు. మామూలు కమ్యూనిటీ కాలేజీలో, అంటే ఊళ్ళో ఉండే ప్రభుత్వ రెండేళ్ళ కాలేజీలో, సొంత జిల్లా విద్యార్థికి ట్యూషన్, ఫీజులు కలిపి కాలేజ్ బోర్డు అనే సంస్థ చెప్పే జాతీయ సగటు 2025-26కి ఏడాదికి 4,150 డాలర్లు. రెండేళ్ళకి 8,300. పుస్తకాలు, పెట్రోలు, ఫోన్ బిల్లు వేరే, అవి కాలేజీకి వెళ్ళకపోయినా కొంత ఉండేవే. ఆదాయం తక్కువున్న కుటుంబాలకి పెల్ గ్రాంట్ ఉంది, గరిష్ఠంగా ఏడాదికి 7,395, తిరిగి కట్టక్కర్లేదు, అది పూర్తిగా వస్తే ట్యూషన్ పోయి ఇంకా మిగులుతుంది. మా అక్కావాళ్ళిద్దరూ ఉద్యోగాలు చేస్తారు, వాళ్ళకి పెల్ రాదు. కానీ పిల్లాడు ఇంట్లోనే ఉండి వెళ్తే ఆ 8,300కి లోనే అక్కర్లేదు, వాళ్ళు కట్టగలరు. ఒకవేళ మొత్తం అప్పే చేశాడనుకున్నా, 2025-26లో అండర్ గ్రాడ్యుయేట్ ఫెడరల్ లోన్ వడ్డీ 6.39 శాతం, పదేళ్ళ వాయిదాల్లో నెలకి 94 డాలర్ల దగ్గర పడుతుంది. ఏ ఉద్యోగం వచ్చినా తట్టుకోగలిగిన భారమే.

ఇప్పుడు ముప్పై వేల కథ. మావాడు ఏదో సైటులో "పోలీసు కెరీర్" అని వెతికి ఫోన్ నంబర్ ఇచ్చాడట. అంతే, ఒక ఆన్‌లైన్ కాలేజీ నుంచి రోజూ ఫోన్లు. పేరు రాయను. మాట్లాడే అమ్మాయి చాలా మర్యాదగా, చాలా ఉత్సాహంగా, వారానికో క్లాసు చాలు, 18 నెలల్లో అయిపోతుంది, లోన్ పేపర్లన్నీ మేమే చూసుకుంటాం అంది. మొత్తం ఎంత అని నేను ఫోన్ తీసుకుని అడిగితే క్రెడిట్‌కి ఇంత అని చెప్పి, ఆ తర్వాత స్కాలర్‌షిప్ సంగతి, ఆ తర్వాత మిలిటరీ డిస్కౌంట్ సంగతి, మళ్ళీ అడిగితే మళ్ళీ క్రెడిట్ రేటు. 60తో గుణిస్తే ముప్పై వేల దగ్గర తేలింది. ధర అడిగితే చెప్పడానికి ఇంత తిప్పే చోట నేను చీర కూడా కొనను.

అందులో పెద్దవాళ్ళు చూడాల్సిన ఇరకాటం ఇంకోటి ఉంది. తల్లిదండ్రుల మీద ఆధారపడిన విద్యార్థి ఫెడరల్ నుంచి సొంత పేరు మీద మొదటి ఏడాది 5,500, రెండో ఏడాది 6,500 మించి అప్పు తీసుకోలేడు, మొత్తం 12 వేలు. మరి ముప్పై వేలు ఎలా వస్తాయి? మిగతా 18 వేలు నాన్న సంతకం మీద రావాలి. ప్రైవేటు లోన్ అయితే కోసైనర్‌గా, అంటే హామీదారుగా, ఫెడరల్ అయితే పేరెంట్ ప్లస్‌గా, దాని వడ్డీ 2025-26లో 8.94 శాతం. నేను వేసిన లెక్క: పిల్లాడి 12 వేలకి నెలకి 136, నాన్న 18 వేలకి నెలకి 227, కలిపి 363 డాలర్లు, పదేళ్ళు. ముప్పై వేలు తీసుకుని నలభై మూడు వేల పైన కడతారు, చదువుతున్నప్పుడు పెరిగే వడ్డీ కలపకుండానే.

ఈ 363ని జీతాల పక్కన పెట్టండి. చదువు అప్పు వాయిదా ఏడాది సంపాదనలో 8 శాతం దాటకూడదని ఒక కొలత ఉంది, 2014లో ఒబామా ప్రభుత్వం ఉద్యోగ శిక్షణ ప్రోగ్రాములని తూచడానికి పెట్టిన నిబంధనలోది. తర్వాత దాన్ని తీసేశారు, 2023లో మళ్ళీ తెచ్చారు. ఈ అప్పు ఉన్నవాడు జైలు ఆఫీసర్ మీడియన్ జీతం తెచ్చుకుంటే ఏడున్నర శాతం, గట్టెక్కాడు. సెక్యూరిటీ గార్డు అయితే 11 శాతం దాటిపోతుంది. అప్పు మారలేదు, డిగ్రీ మారలేదు. 2025 జూలైలో వచ్చిన కొత్త చట్టం ఇంకో పరీక్ష తెచ్చింది: డిగ్రీ చేసినవాళ్ళ మీడియన్ సంపాదన ఆ రాష్ట్రంలో ఉత్త హైస్కూల్ చదివిన 25 నుంచి 34 ఏళ్ళ వాళ్ళ మీడియన్‌కన్నా తక్కువగా మూడేళ్ళలో రెండేళ్ళు తేలితే ఆ ప్రోగ్రాంకి ఫెడరల్ లోన్లు ఆగిపోతాయి. మంచిదే. కానీ ఈ పరీక్షలో అప్పు ఎంతన్నది చూడరు, సంపాదన మాత్రమే చూస్తారు, కాబట్టి పరీక్ష పాసైన ప్రోగ్రాం అంటే చవకైన ప్రోగ్రాం అని అనుకోకండి.

ఇలా మోసపోవడం ఊహ కాదు, కోర్టు కాగితాల్లో ఉంది. ఇల్లినాయ్‌లో వెస్ట్‌వుడ్ కాలేజ్ అని ఉండేది. 2012లో ఆ రాష్ట్ర అటార్నీ జనరల్ లీసా మాడిగన్ దాని మీద కేసు వేసింది సరిగ్గా ఈ క్రిమినల్ జస్టిస్ ప్రోగ్రాం గురించే. వేలకు వేల అప్పు చేసి చదివిన పిల్లలు పోలీసు ఉద్యోగానికి వెళ్తే, కాలేజీకి ఉన్న గుర్తింపు వేరే రకం కావడంతో ఆ క్రెడిట్లు పనికిరావన్నారట. కాలేజీ 2016లో మూతపడింది. 2022లో విద్యాశాఖ 79 వేల మంది వెస్ట్‌వుడ్ విద్యార్థుల అప్పు, 150 కోట్ల డాలర్లు, రద్దు చేసింది. మిన్నెసోటాలో గ్లోబ్ యూనివర్సిటీ, మిన్నెసోటా స్కూల్ ఆఫ్ బిజినెస్ అని రెండు జంట సంస్థలు ఉండేవి, క్రిమినల్ జస్టిస్ డిగ్రీతో పోలీసో ప్రొబేషన్ ఆఫీసరో అవొచ్చని పిల్లలని చేర్చుకున్నాయి. ఆ రాష్ట్రంలో ఆ డిగ్రీతో రెండూ కాలేరు. 2016లో కోర్టు అది మోసమని తేల్చింది. రద్దైన అప్పు సంగతి సరే, ఆ పిల్లలు పోగొట్టుకున్న ఏళ్ళ సంగతి ఎవరు చూస్తారు.

"గవర్నమెంట్ ఉద్యోగం కదా, అప్పు మాఫీ అవుతుంది" అని మా బావగారి ఆఫీసులో ఎవరో చెప్పారు. పీఎస్‌ఎల్‌ఎఫ్ అని ఆ పథకం ఉంది నిజమే, 2007 నుంచి. ప్రభుత్వ శాఖలో పనిచేస్తూ 120 వాయిదాలు కడితే మిగిలింది మాఫీ. 120 వాయిదాలంటే పదేళ్ళు, మామూలు ప్లాను కూడా పదేళ్ళే, ఇంక మిగిలేదేముంది? మాఫీ రావాలంటే ఆదాయాన్ని బట్టి తక్కువ కట్టే ప్లానులో ఉండాలి. 2026 జూలై నుంచి కొత్త అప్పులకి ఉన్న అలాంటి ప్లాను రాప్ ఒక్కటే. ఏడాదికి 45 వేలు వచ్చేవాడు అందులో ఆదాయంలో 4 శాతం, అంటే నెలకి 150 కట్టాలి. 12 వేల అప్పుకి మామూలు ప్లానులోనే 136 కదా. మాఫీ కోసం ఎక్కువ కట్టుకోవడం అవుతుంది. చిన్న అప్పుకి పీఎస్‌ఎల్‌ఎఫ్ దాదాపు దండగ. ఇంకోటి, లాభాపేక్షతో నడిచే ప్రైవేటు జైలు కంపెనీలోనో సెక్యూరిటీ కంపెనీలోనో చేస్తే ఆ పథకం అసలు వర్తించదు. పేరెంట్ ప్లస్ అప్పు విషయంలో చూసేది నాన్న ఉద్యోగాన్ని, కొడుకు పోలీసైతే ఏం లాభం లేదు.

ఒకప్పుడు ఇలా ఉండేది కాదట, చదువుతుంటే ఆశ్చర్యమేసింది. ప్రెసిడెంట్ జాన్సన్ వేసిన కమిషన్ 1967లో పోలీసులు కాలేజీ చదువుకోవాలని సిఫార్సు చేసింది, 1968 చట్టంతో లీప్ అనే పథకం వచ్చింది. పోలీసు ఉద్యోగంలో చేరి పనిచేసిన ప్రతి ఏడాదికీ అప్పులో నాలుగో వంతు మాఫీ, నాలుగేళ్ళకి సున్నా. దేశమంతా క్రిమినల్ జస్టిస్ డిపార్ట్‌మెంట్లు పుట్టగొడుగుల్లా లేచింది ఆ డబ్బుతోనే. డబ్బు పోయింది, డిపార్ట్‌మెంట్లు ఉండిపోయాయి.

నన్ను అన్నిటికన్నా కలవరపెట్టింది మాత్రం ఇది. పోలీసు ఉద్యోగానికి బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో క్రెడిట్ రిపోర్ట్ కూడా చూస్తారు. అప్పులు ఎగ్గొట్టినవాడు లంచానికి లొంగుతాడేమోనని వాళ్ళ అనుమానం. అంటే పోలీసు కావడానికి చేసిన అప్పు కట్టలేకపోతే, ఆ కట్టలేకపోవడమే పోలీసు కాకుండా అడ్డుపడొచ్చు. ఎక్కువగా ఎగ్గొట్టేది లక్షల అప్పు ఉన్న డాక్టర్లు కాదు, ఐదారు వేలు తీసుకుని రెండు సెమిస్టర్లు చదివి మానేసినవాళ్ళు. డిగ్రీ లేదు, జీతం పెరగలేదు, అప్పు మాత్రం ఉంది. కమ్యూనిటీ కాలేజీల్లో మధ్యలో మానేసేవాళ్ళు చాలామంది. అందుకే మొదటి సెమిస్టర్‌కి లోన్ వద్దే వద్దని నా పట్టు. నచ్చకపోతే మానేసినా ఏమీ పోదు.

హెచ్-4, అంటే హెచ్-1బీ ఉద్యోగుల కుటుంబానికిచ్చే వీసా, మీద ఉన్న పిల్లల తల్లిదండ్రులకి ఒక ముక్క. ఫెడరల్ లోన్, పెల్ గ్రాంట్ సిటిజన్లకీ, గ్రీన్ కార్డు ఉన్నవాళ్ళకీ, ఇంకొన్ని ప్రత్యేక కేటగిరీలకీ తప్ప రావు. హెచ్-4కి రావు. పోలీసు ఉద్యోగాలకి టెక్సస్‌లో దాదాపుగా సిటిజన్‌షిప్ ఉండాల్సిందే. గ్రీన్ కార్డు క్యూలో ఉండగా 21 నిండితే తల్లిదండ్రుల వీసా మీద ఉండలేని స్టేటస్ సమస్య ఎలాగూ ఉంది. అలాంటి ఇంట్లో పిల్లలకి ఈ డిగ్రీ ఇష్టం అంటే నేనైతే వద్దనే చెబుతాను, కనీసం ఇప్పటికి.

చేరేవాళ్ళు కాగితాల్లో చూసుకోవాల్సిన చిన్న తేడా: అసోసియేట్ ఆఫ్ ఆర్ట్స్ లేదా సైన్స్ అనేది ఒకటి, అసోసియేట్ ఆఫ్ అప్లైడ్ సైన్స్ అనేది ఇంకోటి. రెండోది నేరుగా ఉద్యోగానికని కట్టిన కోర్సు, తర్వాత నాలుగేళ్ళ యూనివర్సిటీకి మారదామంటే అందులో క్రెడిట్లు చాలావరకు ఒప్పుకోకపోవచ్చు. మొదటిదైతే మారడం తేలిక, టెక్సస్‌లో క్రిమినల్ జస్టిస్‌కి ఫీల్డ్ ఆఫ్ స్టడీ అని రాష్ట్రమే ఒక కోర్సుల జాబితా ఇచ్చింది, ప్రభుత్వ యూనివర్సిటీలు వాటిని ఒప్పుకుని తీరాలి. హంట్స్‌విల్‌లో శామ్ హ్యూస్టన్ స్టేట్‌కి ఈ సబ్జెక్టులో మంచి పేరుంది, టెక్సస్ జైళ్ళ శాఖ ప్రధాన కార్యాలయం కూడా ఆ ఊళ్ళోనే. ప్రొబేషన్ వైపో ఎఫ్‌బీఐ వైపో పోవాలనుకునేవాళ్ళు కళ్ళు మూసుకుని మొదటి రకమే తీసుకోవాలి. ఉత్తగా పోలీసు చాలనుకునేవాడికి, నిజం చెప్పాలంటే, ఈ సబ్జెక్టే అక్కర్లేదు.

మావాడు కమ్యూనిటీ కాలేజీకే దరఖాస్తు పెట్టాడు. మేజర్ దగ్గర ఇంకా తేలలేదు. వాడు క్రిమినల్ జస్టిస్ అంటాడు, నేను అకౌంటింగ్ పెట్టుకుని రెండు క్రిమినల్ జస్టిస్ క్లాసులు తీసుకోమంటాను, ఎందుకంటే ఫిజికల్ టెస్టులో మోకాలు బెణికి వెనక్కొచ్చినా అకౌంటింగ్ 60 గంటలు వేరేచోట పనికొస్తాయి. అక్క నా వైపు, బావగారు ఇప్పుడు ఆశ్చర్యంగా వాడి వైపు. ఆన్‌లైన్ కాలేజీ అమ్మాయి ఇంకా ఫోన్ చేస్తూనే ఉంది, ఆ నంబర్ బ్లాక్ చేస్తే ఇంకో నంబర్ నుంచి. మీ పిల్లలెవరైనా ఈ దారిలో వెళ్ళి ఏ డిపార్ట్‌మెంట్‌లోనైనా చేరి ఉంటే, చేరిన ఏడాది చేతికి ఎంత వచ్చిందో, అసోసియేట్ డిగ్రీకి అక్కడ అదనంగా ఏమన్నా ఇస్తున్నారో రాయండి. కొన్ని శాఖలు నెలకి కొంత ఎడ్యుకేషన్ పే ఇస్తాయి, అది నా లెక్కలో ఇంకా కలపలేదు.